కిలో లెక్క ఒక్కటే చాలదు

ఆహారం వల్ల పర్యావరణానికి ఎంత నష్టం అని ఎవరైనా ఒక్క నంబర్ చెప్తే, నేను ముందు అడిగేది ఆ లెక్క దేనికి అని. కిలోకా, వంద గ్రాముల ప్రోటీన్‌కా? 2018లో పూర్, నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు 119 దేశాల్లోని దాదాపు 38,700 పొలాల సమాచారం ఒకచోట చేర్చారు. అందులో కిలోకి చూస్తే కోడిమాంసం కంటే పాల ఉద్గారాలు, అంటే భూమిని వేడెక్కించే వాయువులు, చాలా తక్కువ. అదే ప్రోటీన్ లెక్కన చూడండి, సగటున పాలే ఎక్కువ, ఎందుకంటే పాలలో చాలా భాగం నీళ్లే కదా. ఆహారం మారలేదు, కొలత మారిందంతే.

ఆరోగ్యానికి జరిగే నష్టాన్ని లెక్కేయడం ఇంకా కష్టం. యూరియా నుంచి, పశువుల పేడ నుంచి లేచే అమోనియా గాలిలో వేరే వాయువులతో కలిసి పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి కణాలుగా మారుతుంది, అవి ఎక్కడో దూరాన ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఈ నష్టాన్ని కోల్పోయిన ఆరోగ్యకర జీవిత సంవత్సరాల్లో లెక్కేస్తారు. కానీ వీపున ట్యాంకు తగిలించుకుని, మాస్క్ కూడా లేకుండా పురుగుమందు కొట్టే మనిషి పీల్చే మందు చాలా లెక్కల్లోకి రాదు. నాకు అన్నిటికంటే బాధ అనిపించేది అదే, ముందు ఆయన్ని లెక్కలోకి తీసుకోవాలి.