అను ఫాంట్ అఫిడవిట్, పీడీఎఫ్/ఏ

మా లాయర్ ఆఫీసులో ఈ-ఫైలింగ్‌కి వెళ్లే పీడీఎఫ్‌లన్నీ నేనే చూస్తా. పోయిన వారం ఒక పాత భూమి కేసు మళ్లీ తియ్యాల్సొచ్చింది, తెలుగు అఫిడవిట్ సాఫ్ట్ కాపీ ఓపెన్ చేస్తే ఒక్క తెలుగు ముక్క లేదు, పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలూ బ్రాకెట్లూ. అప్పట్లో డీటీపీ సెంటర్లో అను ఫాంట్‌లో (ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు రూపం తొడిగే పాత రకం ఫాంట్) కొట్టించారు, పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంట్ అందులో ఎంబెడ్ అవ్వలేదు, ఇప్పటి సిస్టమ్‌లో ఆ ఫాంటే లేదు. కాగితం కట్టలో ఒరిజినల్ ఉంది కాబట్టి గట్టెక్కాం, లేకపోతే క్లయింటుకి ఏం చెప్పేవాళ్లం?

సరిగ్గా ఇందుకే పీడీఎఫ్/ఏ ఉంది, ఫైళ్లని ఏళ్ల తరబడి దాచుకోవడానికి చేసిన పీడీఎఫ్ రకం. 2005లో ఐఎస్ఓ 19005 అనే అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది, వాడిన ఫాంట్లన్నీ ఫైల్లోనే ఉండాలి, పాస్‌వర్డ్ ఉండకూడదు, ఆడియో వీడియో జావాస్క్రిప్ట్ ఏవీ పనికిరావు. ఎన్నేళ్ల తర్వాత ఏ కంప్యూటర్లో తెరిచినా అలాగే కనపడాలి, అంతే. కోర్టుల్ని కంప్యూటర్లలోకి తెచ్చే ఈకోర్ట్స్ పథకం మూడో దశకి 2023లో కేంద్రం ఓకే చేసిన 7,210 కోట్లలో రెండు వేల కోట్లకి పైగా కేసు రికార్డుల స్కానింగ్‌కీ భద్రపరచడానికే పెట్టారు, కోర్టు అంత చేస్తుంటే మనం ఇచ్చే ఫైలే పాడుగా ఉంటే ఎలా అండీ.

వర్డ్‌లో సేవ్ యాజ్ పీడీఎఫ్ కొట్టి ఆప్షన్స్‌లోకి వెళ్తే పీడీఎఫ్/ఏ టిక్ బాక్స్ ఉంటుంది, డబ్బు ఖర్చేం లేదు. మాకు ఎక్కువ ఇబ్బంది పెట్టేవి క్లయింట్లు వాట్సాప్‌లో పంపే బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఈ-ఆధార్లు, అన్నిటికీ పాస్‌వర్డే, అది ముందు తీసెయ్యాలి. డిజిటల్ సిగ్నేచర్ మాత్రం పీడీఎఫ్/ఏలోకి మార్చడం అయ్యాకే పెట్టాలి, ముందే పెట్టి తర్వాత మారిస్తే ఆ సంతకం చెల్లదు. అడోబ్ రీడర్‌లో తెరిస్తే పైన పీడీఎఫ్/ఏ అని నీలం పట్టీ కనిపించగానే నమ్మేయకండి, అది ఫైలు తన గురించి తాను చెప్పుకునే మాట, వెరాపీడీఎఫ్ అని ఫ్రీ టూల్ ఉంది, దాంతో చెక్ చేస్తే అసలు సంగతి తెలుస్తుంది.

అను ఫాంట్‌ని ఎంబెడ్ చేసినా కంటికి తెలుగు కనపడుతుందే గానీ వెతికితే పేరు దొరకదు, కాపీ చేస్తే మళ్లీ ఆ ఇంగ్లీషు అక్షరాలే. అందుకే ఇకనుంచి తెలుగు డ్రాఫ్టింగ్ మొత్తం యూనికోడ్‌లోనే (తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే పద్ధతి) అని మా సార్‌ని ఒప్పించా. పాతవాటి కోసం అను ఉన్న కంప్యూటర్ ఒకటి స్టోర్ రూమ్‌లో ఇంకా ఆన్ అవుతోంది, అది ఆగిపోయేలోపు ఆ ఫైళ్లన్నీ మార్చెయ్యాలి, ఈ ఆదివారం కూడా ఆఫీసుకే.