వెంటిలేటర్ మీద ఉండగా వచ్చిన నోటీసు

గోదావరి వరద తీశాక మా లంకలో ఇంటింటికీ విరేచనాలు పట్టుకున్నాయి. అందరికీ తగ్గినట్టే నాకూ తగ్గాయి. వారం పది రోజులకు అరికాళ్లు తిమ్మిరెక్కాయి. మర్నాడు మెట్టెక్కబోతే మోకాలు నిలవలేదు, రాత్రికి గ్లాసు పట్టుకోలేకపోయాను. కాకినాడలో వెన్ను నుంచి నీరు తీసి పరీక్ష చేసి, జీబీఎస్ (గిలాన్ బారే సిండ్రోమ్) అన్నారు. రోగాల నుంచి కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే నరాల మీద పడుతుందట. ఐవీఐజీ అనే యాంటీబాడీల మందు నరంలోకి ఎక్కిస్తుండగానే ఊపిరి అందక వెంటిలేటర్ పెట్టారు. ఈ జబ్బులో ఘోరమేమిటంటే, వేలు కదలదు గానీ మతి పూర్తిగా ఉంటుంది. మంచం పక్కన నిలబడి ఎవరేమన్నా వినపడుతుంది.

మావారు అంతకుముందే పోయారు. ఒకటో తరగతి చదివే బాబుని మరిది, తోటికోడలు తీసుకెళ్లారు. అప్పుడు వాళ్లు లేకపోతే వాడి గతేమిటో! కానీ నేనింకా ఐసీయూలో ఉండగానే మా ఇంటికి కోర్టు నోటీసు వచ్చింది. తల్లి కోలుకునే ఆశ లేదు కాబట్టి గార్డియన్‌గా తనను పెట్టమని మరిది పిటిషన్. కొబ్బరితోట కోసమేనని ఊరంతా అంది. మరిది సంగతి చెప్పలేను గానీ, పిల్లల్లేని మా తోటికోడలు తోట వైపు చూసే మనిషి కాదు.

వకాల్తా మీద సంతకం పెట్టడానికి పెన్ను వేళ్లలో నిలవలేదు. అన్నయ్య నా బొటనవేలు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద నొక్కాడు. డిగ్రీ చదివినదాన్ని, వేలిముద్ర!

లాయరుగారు ధైర్యం చెప్పారు. తండ్రి లేకపోతే తల్లే సహజ సంరక్షకురాలు. తల్లి బతికుండి, ఆమె పనికిరాదని కోర్టు అనుకోనప్పుడు 1890 నాటి గార్డియన్స్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం బిడ్డకు మరొకరిని గార్డియన్‌గా పెట్టరు. టీబీ మెదడుకు పాకి ఆస్పత్రిలో పడిన ఒక తండ్రి కోలుకుని వస్తే, తల్లి తరఫు బంధువుల దగ్గరున్న పాపను ఆయనకే ఇవ్వాలని సుప్రీంకోర్టు 2019లో చెప్పిందట. ‘‘అయినా జడ్జిగారు ముందు చూసేది పిల్లాడి మంచేనమ్మా. స్నానం ఎవరు చేయిస్తారు, బడికి ఎవరు దింపుతారు, అవి రాసివ్వు’’ అన్నారు. అమ్మ మా ఇంటికొచ్చేసింది. జీబీఎస్ వచ్చినవాళ్లలో నూటికి ఎనభై మంది దాకా ఆరు నెలల్లో సొంతంగా నడుస్తారని డాక్టరుగారు కాగితం ఇచ్చారు. మా కేసును నిలబెట్టింది ఆ కాగితమే.

ఫిజియోథెరపీ సంగతి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. నొప్పి, ఏడుపు, మళ్లీ నొప్పి. వాకర్‌తో కోర్టుకెళ్లాను. మొదట శని, ఆదివారాలు బాబుని నా దగ్గర ఉంచమన్నారు, తర్వాత పూర్తిగా నాకే ఇచ్చారు. వేసవి సెలవులు వాళ్లకి. వచ్చిన కొత్తలో వాడు రాత్రిళ్లు పిన్ని కావాలని ఏడ్చేవాడు.

మరిదితో మాటల్లేవు. ఈమధ్య వీలునామా రాయించాను. భర్త లేని తల్లి తన తర్వాత బిడ్డకు గార్డియన్ ఎవరో అందులో రాయొచ్చు. తోటికోడలి పేరు రాయించాను. అన్నయ్యకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.