సీడీ మంచిదే, హెడ్‌ఫోన్స్ మంచివే, తేడా వేరే చోట ఉంది

పాత సీడీలోని పాటలు కంప్యూటర్లోకి ఎక్కించాక చెవిలో ఎందుకు గుచ్చుకుంటున్నాయో నిన్న రాత్రి తేలింది, ఆడియో షాపువాడి మీద కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

జపాన్ సిటీ పాప్ అంటే, అదే అక్కడి పాత నగర శైలి పాప్ పాటలంటే, నాకు ప్రాణం. 70ల చివర్నుంచి 80ల దాకా టోక్యో స్టూడియోల్లో వాళ్లు పడ్డ శ్రమ తెలియాలంటే లాస్‌లెస్‌లోనే, అంటే ధ్వనిలో ఏదీ కోత పడని ఫైల్‌లోనే వినాలి. బేస్ గిటార్ ఒకవైపు, బ్రాస్ ఒకవైపు విడివిడిగా వినపడతాయి. స్ట్రీమింగ్‌లో అన్నీ దొరకవు. ఆ పాటల్లో పెద్ద పేరున్న గాయకుడు తత్సురో యమషితా అయితే బతికుండగా తన పాటలు స్ట్రీమింగ్‌కి ఇవ్వనన్నట్టే 2022లో చెప్పేశారు. అందుకే నేను కంపైలేషన్ సీడీలు కొంటాను.

టోక్యోలో ఉండే మా బావ సెకండ్ హ్యాండ్ షాపులో కొని తెచ్చాడు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌లో రిప్ చేసి, అంటే సీడీ నుంచి కంప్యూటర్లోకి తీసి, ఫ్లాక్ అనే లాస్‌లెస్ ఫైళ్లుగా దాచుకున్నా. 2019లో వచ్చిన 'పసిఫిక్ బ్రీజ్' కంపైలేషన్ అద్భుతంగా ఉంది. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

తంటా అంతా 80లలో అచ్చయిన ఒక పాత కంపైలేషన్‌తోనే. 'స', 'ష' అక్షరాలు వచ్చిన చోటల్లా చెవిలో సూదితో గుచ్చినట్టుంది. హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని తాళాలు) ముందుకొచ్చి మీద పడుతోంది, బేస్ ఎక్కడో వెనక ఉంది. రిప్‌లో లోపమా అంటే, వేరేవాళ్ల రిప్‌లతో పోల్చి చూసే అక్యురేట్‌రిప్ అన్ని ట్రాకులూ కరెక్ట్ అంటోంది. అదే అర్థంకాక బుర్ర పాడైంది.

డాక్ (డిజిటల్ ఫైల్‌ని హెడ్‌ఫోన్స్‌కి శబ్దంగా మార్చే పరికరం) కొన్న షాపుకి వెళ్లి వినిపించా. అతను అర నిమిషం కూడా వినలేదు. "పాత సీడీలో ఏం క్వాలిటీ ఉంటది సార్, ముందు ఈ కేబుల్ మార్చండి" అని ఎనిమిది వేల కేబుల్ చేతిలో పెట్టాడు. వద్దంటే, "అయినా అర్థంకాని పాటలకి ఇంత క్వాలిటీ ఎందుకు సార్" అన్నాడు, పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు. పాట తెలియనివాడికి పాట వినే వస్తువులమ్మే హక్కెక్కడిది? డబ్బు తీసుకునేవాడు కనీసం చెవి పెట్టి వినాలి కదా.

అసలు సంగతి ప్రీ-ఎంఫసిస్. తొలినాళ్ల సీడీలు కొన్నింటిలో, ప్లేయర్ల బుసబుస శబ్దం తగ్గించడానికి, పై స్థాయి ధ్వనుల్ని ముందే పెంచి ఎక్కించేవాళ్లు. 20 కిలోహెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి అది దాదాపు 10 డెసిబెల్స్. డిస్కులో ఉన్న గుర్తు చూసి సీడీ ప్లేయర్ దాన్ని మళ్లీ తగ్గిస్తుంది. కంప్యూటర్లో ఇలా రిప్ చేస్తే తగ్గించేవాళ్లుండరు, డిస్కులో ఉన్నది ఉన్నట్టు వచ్చేస్తుంది. ఫైల్ నిజంగానే లాస్‌లెస్, పాట మాత్రం పాడు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీలో ట్రాకుల పక్కన ప్రీ-ఎంఫసిస్ అనే గడి ఉంటుంది, అక్కడ 'యెస్' (Yes) అని ఉందేమో చూడండి. కొన్ని డిస్కుల్లో ఆ గుర్తు సబ్‌కోడ్‌లో (పాటతో పాటు డిస్కులో నడిచే అదనపు సమాచారంలో) మాత్రమే ఉంటుంది కాబట్టి 'నో' అని ఉన్నా చెవినే నమ్మండి.

సాక్స్ (SoX) అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో, ఆ పెంచినదాన్ని తగ్గించే డీఎంఫ్ (deemph) అనే ఎఫెక్ట్ పెట్టి, 24 బిట్ ఫ్లాక్‌గా ఇంకో కాపీ తీశా. ఒరిజినల్ రిప్ చెరపకండి. ఆ కాపీలో గొంతు మెత్తబడింది, బేస్ ముందుకొచ్చింది. పైసా ఖర్చు లేదు, మొదట్నుంచీ నా చెవి చెప్పిందే నిజమైంది.

వింటే మాత్రం వైరుతోనే వినండి, మామూలు బ్లూటూత్‌లో లాస్‌లెస్ రాదు. మామూలు కేబుల్ చాలు.