వెనక సీట్లో గంట కూర్చోకుండా చిన్న కారు కొనకండి

మా అమ్మకి నడుం నొప్పి చాలా ఏళ్లుగా ఉంది. ఆ సంగతి తెలిసి కూడా మొదటి కారు కొన్నప్పుడు అమ్మని టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్లలేదు. నేనే నడిపాను, పక్కన షోరూమ్ అబ్బాయి, వెనకంతా ఖాళీ, నున్నటి రోడ్డు మీద పది నిమిషాలు అలా వెళ్లి ఇలా వచ్చేశాం. స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతోంది, ఏసీ బాగుంది, కుదుపులేవీ తెలియలేదు, బుక్ చేసేశాను.

కారు వచ్చిన రెండో వారంలో నాలుగు గంటల ప్రయాణం పెట్టుకున్నాం. గంట గడిచేసరికి వెనక నుంచి మాటలు ఆగిపోయాయి. అద్దంలో చూస్తే అమ్మ ఒక చేత్తో పైన హ్యాండిల్ పట్టుకుని, రెండో అరచేయి సీటుకి ఆనించి, గతుకు వచ్చిన ప్రతిసారీ తన బరువు ఆ చేతి మీదకి తీసుకుంటోంది. ముందు కూర్చున్న నాకేమో అక్కడ గతుకు ఉన్నట్టే తెలియడం లేదు. ఏమైందమ్మా అంటే "ఏం లేదులేరా, కాస్త మెల్లగా పోనీ" అంది. దిగాక డోరు పట్టుకుని ఓ నిమిషం అలాగే నిలబడిపోయింది, అడుగు వెయ్యలేక.

ఆ కారు ఆరేళ్లు వాడాం. దూరం వెళ్దామంటే చాలు "నేను రాన్లే, మీరు వెళ్లిరండి" అనేది. అందుకే ఈసారి కారు మార్చేటప్పుడు మైలేజీ, స్క్రీను, సన్‌రూఫ్ అన్నీ పక్కన పెట్టి రైడ్ కోసమే, అంటే లోపల కూర్చున్నవాళ్లకి కుదుపు ఎంత తెలుస్తుందన్న దాని కోసమే, మూడు నెలలు తిరిగాను. ఆ తిరుగుడులో తెలిసినవి రాస్తున్నాను, ఇంట్లో పెద్దవాళ్లో, నడుం బాగోలేనివాళ్లో ఉంటే పనికొస్తాయి.

చిన్న కారుకి అసలు చిక్కంతా బరువు దగ్గరే. ఖాళీ కారు 950 కిలోలు అనుకోండి, ఐదుగురు ఎక్కి డిక్కీలో రెండు సూట్‌కేసులు పెడితే ఇంకో 375 కిలోలు, అంటే కారు బరువులో ఇంచుమించు 40 శాతం. అదే మనుషులు, అదే సామాను 2000 కిలోల పెద్ద కారులో ఎక్కితే 19 శాతం. స్ప్రింగులు మెత్తగా పెడితే అందరూ ఎక్కినప్పుడు వెనక భాగం కూలబడిపోయి, గుంతలో పడగానే సస్పెన్షన్ (చక్రాలకీ కారుకీ మధ్య ఉండే ఆ స్ప్రింగుల అమరిక) చివరిదాకా నొక్కుకుపోయి ధడేల్మని కొట్టుకుంటుంది. గట్టివి పెడితే ఒకరిద్దరు వెళ్లేటప్పుడు ఎగిరెగిరి పడుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా తేల్చుకుంటుంది, రైడ్‌లో తేడా చాలావరకు అక్కడే వస్తుంది. పైగా ఎక్కే బరువులో ఎక్కువ భాగం పడేది వెనక చక్రాల మీద, వెనక సీటు ఉండేది కూడా దాదాపు వాటి మీదే. అమ్మకి తెలిసిన కుదుపు నాకు తెలియకపోవడానికి కారణం ఇదే. డ్రైవర్ సీటు కారు మధ్యకి దగ్గరగా ఉంటుంది, పట్టుకోవడానికి స్టీరింగ్ ఉంటుంది, గుంత వచ్చేది ముందే కనిపిస్తుంది కాబట్టి ఒళ్లు తనంతట తానే సర్దుకుంటుంది. వెనకున్న మనిషికి ఈ మూడూ లేవు.

కాబట్టి ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. టెస్ట్ డ్రైవ్ ఒక్కరే చెయ్యకండి. నలుగురూ వెళ్లండి, ఇంకెవరైనా నడపనివ్వండి, మీరు వెనక కూర్చోండి. పది నిమిషాలు చాలవు. షోరూమ్ వాళ్లు గంటసేపు ఇవ్వం అంటే ఇంకో రోజు వస్తామని అడగండి, నన్ను ఒక చోట మూడుసార్లు తిప్పుకున్నారు కానీ చివరికి ఇచ్చారు. అదీ కుదరకపోతే అదే మోడల్ అద్దెకి దొరుకుతుందేమో చూసి ఒక రోజు తీసుకోండి, నా మటుకు నాకు అన్నిటికంటే అక్కరకొచ్చిన పని అదే.

మెత్తగా ఉంటే సుఖంగా ఉన్నట్టే అని నేనూ అనుకునేవాణ్ణి. కారు స్ప్రింగుల మీద పైకీ కిందకీ ఊగడం సాధారణంగా సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు ఉంటుంది, అది ఒంటికి పెద్ద ఇబ్బంది కాదు. చక్రం తనంతట తాను ఎగిరే ఊపు సెకనుకి 10 నుంచి 15 సార్లు. కూర్చున్న మనిషి ఒళ్లు పైకీ కిందకీ వచ్చే అదుర్లని బాగా పట్టుకునేది ఈ రెండింటి నడుమ, అవి సెకనుకి 4 నుంచి 8 సార్లు వచ్చినప్పుడు. నడుమూ పొట్టా కలిసి ఊగిపోయేది అప్పుడే. గుంతలో పడ్డప్పుడు వచ్చే ఒక్క పెద్ద దెబ్బ కన్నా, బాగానే ఉన్నట్టు కనిపించే రోడ్డు మీద ఆగకుండా వచ్చే ఆ చిన్న అదురు ఎక్కువ అలసట తెస్తుంది, అమ్మని మొదటిసారి దెబ్బకొట్టింది కూడా అదే. అందుకే గుంతలో ఎలా పడిందో ఒక్కటే చూసి తేల్చెయ్యకండి, అతుకులేసిన రోడ్డు మీద పది కిలోమీటర్లు వెళ్లి, మాట్లాడుతుంటే గొంతు వణుకుతోందా, ఫోన్‌లో అక్షరాలు చదవగలుగుతున్నారా అని చూడండి.

మరీ మెత్తటి కారుతో ఇంకో బాధ. స్పీడ్ బ్రేకర్ దాటాక ఒక్కసారి దిగి, లేచి, కుదురుకోవాలి. రెండోసారి, మూడోసారి ఊగిందంటే షాక్ అబ్జార్బర్లు ఆ స్ప్రింగులని పట్టి ఉంచలేకపోతున్నట్టే. ఇలాంటి కారు షోరూమ్ చుట్టుపక్కల తిప్పితే మహా హాయిగా ఉంటుంది, హైవే ఎక్కి 80 దాటాక పడవలా ఊగుతుంది, వెనకున్న పిల్లలకి కడుపులో తిప్పుతుంది. బానెట్ మీద చేత్తో నొక్కి చూడటం వల్ల దాదాపు ఏమీ తెలియదు, దాన్ని నమ్ముకోకండి.

రెండు మూడు వేగాల్లో ఎందుకు చూడాలో కూడా చెప్తాను. చిన్న కారులో ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం ఇంచుమించు రెండున్నర మీటర్లు. గంటకి 36 కిలోమీటర్లంటే సెకనుకి 10 మీటర్లు, అంటే ముందు చక్రం గతుకు ఎక్కిన పావు సెకనుకి వెనక చక్రం అదే గతుకు ఎక్కుతుంది. ముందు భాగం దిగుతుంటే వెనక లేస్తుంది, కారు ఉయ్యాల బల్లలా ముందుకీ వెనక్కీ ఒరుగుతుంది, లోపల తలలు ఊగుతాయి. అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఓలీ అనే ఇంజినీరు 1930లలోనే దీని సంగతి తేల్చాడు. వెనక స్ప్రింగుల ఊపు ముందువాటి కన్నా కాస్త వేగంగా ఉండేలా పెడితే, ఆలస్యంగా మొదలైన వెనక భాగం ముందు భాగాన్ని అందుకుంటుంది, అప్పుడు కారు ఒరగకుండా మొత్తంగా లేచి దిగుతుంది. అయితే ఇది అన్ని వేగాల్లోనూ ఒకేలా కుదరదు. నేను చూసిన ఒక కారు 70 దగ్గర అద్భుతంగా వెళ్లింది, 30 దగ్గర మాత్రం తల ఆపుకోలేకపోయాం. మేం రోజూ తిరిగేది 30లోనే.

అలాగని చిన్న కారంటే కుదుపు తప్పదు అని ఎవరైనా అంటే నమ్మకండి. 1948లో బయటికొచ్చిన సిట్రోయెన్ 2సీవీ అనే ఫ్రెంచి కారుని తయారుచేసేటప్పుడు పెట్టుకున్న షరతు, దున్నిన పొలంలోంచి బుట్టెడు గుడ్లు తీసుకెళ్లినా ఒక్కటీ పగలకూడదని. అది ఎంత చిన్న, ఎంత తేలికైన కారో! ఒక్కో పక్కన ముందు చక్రాన్నీ వెనక చక్రాన్నీ స్ప్రింగులతో కలిపేసి, ముందు తగిలిన దెబ్బని వెనకా కాస్త పంచుకునేలా చేశారు. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి వెనకాల రెండు చక్రాలనీ కలిపే ఒక అడ్డ బీమ్ ఉంటుంది, అది చవక, డిక్కీకి చోటు మిగులుతుంది, కానీ ఒక పక్క చక్రం గుంతలో పడితే రెండో పక్కకీ కొంత తెలుస్తుంది. అందుకే ఒక పక్క చక్రాలు మాత్రమే గతుకుల్లో పడేలా కొంత దూరం నడిపించి చూడండి. ఎత్తుగా ఉండే చిన్న కార్లలో ఆ దెబ్బకి తల పక్కకి విసిరినట్టు అవుతుంది. అలాంటి కార్లు చూసినప్పుడు అమ్మకి పైకీ కిందకీ వచ్చే కుదుపు కన్నా ఇదే ఎక్కువ బాధపెట్టింది.

ఇక టైర్లు. చాలామంది వీటిని అందం కోసం చూస్తారు. టైరు మీద రాసే అంకెల్లో మొదటిది వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో. 165/80 ఆర్14 టైరులో పక్క గోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు, 185/65 ఆర్15కి 120, 195/55 ఆర్16కి 107. చక్రం పెద్దదయ్యేకొద్దీ రోడ్డుకీ రిమ్ముకీ మధ్య ఉన్న గాలి మెత్త తగ్గిపోతోందన్నమాట. పై వేరియంట్‌కి పెద్ద అల్లాయ్ వీల్స్ వేస్తారు, టెస్ట్ డ్రైవ్‌కి ఇచ్చేదీ తరచుగా ఆ వేరియంటే. మీరు కొనబోయేది ఏదో ఆ టైరు సైజుతోనే నడిపి చూడండి.

గాలి సంగతి మర్చిపోవద్దు. ఒక కారు విషయంలో నేను దాదాపు పొరపాటు చేశాను. రాళ్ల మీద బండి లాగినట్టు ఉంది, వద్దని వచ్చేస్తుంటే తమ్ముడు గాలి ఒత్తిడి కొలిచే తన గేజ్ తీసి టైరుకి పెట్టాడు, 41 చూపించింది. డ్రైవర్ డోరు తెరిస్తే ఆ అంచున స్టిక్కర్ మీద 33 అని రాసి ఉంది. కొత్త కార్లు రవాణాలో, యార్డులో రోజుల తరబడి నిలబడి ఉంటాయి కాబట్టి గాలి ఎక్కువ పెడుతుంటారు, డెలివరీకి ముందు తగ్గించాలి, ఆ టెస్ట్ కారుకి ఎవరూ తగ్గించలేదు. మేమే నాలుగు టైర్లలో గాలి వదిలి, 33కి తెచ్చి, అదే రోడ్డు మీద మళ్లీ వెళ్లాం. వేరే కారు ఎక్కినట్టుంది. చిన్న గేజ్ ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి.

లెక్క కోసం ఫోన్‌తోనే అదుర్లు కొలిచే ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ కూడా వాడాను. ఫోన్‌ని వెనక సీటు ముందు నేలకి టేపుతో అంటించి, అన్ని కార్లనీ ఒకే రోడ్డు మీద 40లో నడిపించి, అదుర్ల గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్క కారు విషయంలో తప్ప మిగతా అన్నిట్లో గ్రాఫూ అమ్మ మాటా కలిశాయి. ఆ ఒక్కదాంట్లో నేల మీద అదురు తక్కువే వచ్చింది, అమ్మ మాత్రం అరగంటకే దిగుతానంది. చూస్తే తప్పంతా సీటుది, అడుగు భాగం పొట్టిగా ఉండి తొడలకి ఆనడం లేదు, మోకాళ్లు పైకి లేచి బరువంతా నడుం కింద పడుతోంది. కూర్చోగానే దూదిలా అనిపించే సీటు గంట తర్వాత ఎలా ఉంటుందో గంట కూర్చుంటేనే తెలుస్తుంది, దీనికి మరో దారి లేదు.

చివరికి మేం తీసుకున్నది 14 అంగుళాల చక్రాలున్న మధ్య వేరియంట్. మలుపుల్లో కాస్త ఒరుగుతుంది, అక్కడ వేగం తగ్గిస్తున్నాను. 100 దగ్గర టైర్ల శబ్దం పాత కారు కన్నా ఎక్కువే. అద్దెకి తీసుకుని చూసిన రోజు తమ్ముడు నడుపుతున్నాడు, నేను అమ్మ పక్కన కూర్చుని తన చేతుల వంకే చూస్తున్నాను. మొదటి పావుగంట అలవాటు కొద్దీ పైన హ్యాండిల్ పట్టుకునే ఉంది. తర్వాత ఎప్పుడు వదిలేసిందో తనకే తెలియదు, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని పిన్నితో ఫోన్ మాట్లాడటం మొదలుపెట్టింది. మర్నాడే బుక్ చేశాం.