పాప చెవి, తాతయ్య కన్ను

మా పిల్లల ఇంగ్లీషు గురించి గుంటూరులో మా నాన్నకున్న బెంగ, వాళ్ళ తెలుగు గురించి డాలస్‌లో నాకున్న బెంగ కంటే పెద్దది. అమెరికాలో పుట్టి అక్కడే చదువుకుంటున్న పిల్లలకి ఇంగ్లీషు రాకపోవడమేంటని వినేవాళ్ళు నవ్వుతారు. కానీ నాన్న జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఎనిమిదో క్లాసు మనవరాలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టే మెసేజ్‌లని చేతిలో ఎర్ర పెన్ను ఉన్నట్టే చదువుతారు. "అమ్మాయ్, 'వాళ్ళ ఇల్లు' అని రాయాల్సిన చోట 'అక్కడ ఇల్లు' అని రాసిందే నీ కూతురు! మా ఆరో క్లాసు పిల్లలైనా ఈ తప్పు చేసేవాళ్ళు కాదు" అని వెంటనే ఫోను.

నిజంగానే చేసేవాళ్ళు కాదు. నాకూ ఆ తప్పు ఎప్పుడూ రాలేదు. కారణం తెలివితేటలేం కాదు. బ్రాడీపేటలో మా ఇంట్లో ఇంగ్లీషు చెవిన పడటం తక్కువ, కంటపడటం ఎక్కువ. క్లాసు పుస్తకం, నాన్న తెప్పించుకునే ఇంగ్లీషు పేపరు, సందు చివర షాపుల బోర్డులు. ప్రతి మాటా మాకు ముందు అక్షరాలుగా వచ్చింది, తర్వాతెప్పుడో శబ్దంగా. అందుకని 'వాళ్ళ' అనే దేర్, 'అక్కడ' అనే దేర్, 'దే ఆర్'ని కుదించిన దేర్, మూడూ మాకు మూడు వేరువేరు మొహాలు. మా అమ్మాయికి బడిలో చేరేదాకా అవన్నీ ఒకే చప్పుడు. ఆ చప్పుడుని మూడు ముక్కలు చేసి ఎక్కడి ముక్క అక్కడ పెట్టమంటే, తొందరలో చేతికి ఏదొస్తే అది పెట్టేస్తుంది. ఇట్స్, యువర్, టూ, అన్నిటి సంగతీ ఇంతే. 'కుడ్ హావ్' మాటల్లో నలిగిపోయి 'కుడవ్' అని వినపడుతుంది కాబట్టి దాన్ని 'కుడ్ ఆఫ్' అని రాసే అమెరికన్లు పెద్దవాళ్ళలోనూ ఉన్నారు. (ఇదంతా తెలుగులో రాయడంలో ఇంకో తంటా ఉంది. మన లిపి చెవి పక్షం. మూడు దేర్‌లనీ ఒకేలా రాసి చేతులు దులుపుకుంటుంది.)

అలాగని మన కన్ను గొప్పదని చంకలు గుద్దుకోవడానికి లేదు. మనం పడే గోతులు వేరు. ఇచ్చినా అప్పే, పుచ్చుకున్నా అప్పే కాబట్టి లెండ్, బారో దగ్గర తెలుగువాళ్ళం తడబడతాం. "పెన్ను కొంచెం బారో ఇవ్వవా" అనేది మా కాలేజీలో రోజూ వినపడే మాటే. వీ, డబ్ల్యూ రెండిటికీ మనకున్నది ఒక్క 'వ'. పశువుల డాక్టరు అనే వెట్, తడి అనే వెట్ నాన్న నోట్లో ఒక్కలాగే పలుకుతాయి. ఆయన వెస్ట్ గోదావరి అంటే మా చిన్నవాడికి వీతో మొదలయ్యే వెస్ట్ వినపడి, "తాతయ్యా, చేతుల్లేని కోటు గోదావరా?" అని పడీపడీ నవ్వుతాడు. డౌట్ అనే మాట ఇంకా ప్రమాదం. గుంటూరు క్లాసులో "నాకో డౌట్ సార్" అంటే అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అని. అమెరికాలో అదే మాటని ఇంగ్లీషులో అంటే, మీరు చెప్పింది నిజమని నాకు నమ్మకం లేదు అన్నట్టు వినపడుతుంది. అక్కడ క్వశ్చన్ అనాలి. మా మేనల్లుడు "మా సీనియర్ పోయినేడు పాసౌట్ అయ్యాడు" అని చెబుతుంటే మా అమ్మాయి కంగారుగా, "ఇప్పుడు బాగానే ఉన్నాడా?" అని అడిగింది. అక్కడ పాసౌట్ అవడమంటే కళ్ళు తిరిగి పడిపోవడం.

అంటే మా ఇంట్లో ఇంగ్లీషు తప్పులకి రెండు గట్లున్నాయి. కంటితో నేర్చినవాళ్ళం వాడుకలోనూ ఉచ్చారణలోనూ జారతాం. చెవితో నేర్చినవాళ్ళు స్పెల్లింగ్‌లో జారతారు. ఇది తెలిశాక నేను పిల్లల్ని తిట్టడం తగ్గించి, ఎండాకాలం సెలవుల్లో వాళ్ళని నాన్నకి అప్పగించడం మొదలుపెట్టాను. ఆయన రాత చూస్తారు, వాళ్ళు మాట చూస్తారు. ఒకళ్ళ మీద ఒకళ్ళకి కాస్త అధికారం ఉంటే ఇద్దరూ బుద్ధిగా కూర్చుంటారని నా లెక్క.

మా సెలవులు, ఇక్కడి సెలవులు కలవవు. మేం దిగి జెట్‌లాగ్ వదిలించుకునేసరికి జూన్ సగమై ఇక్కడ బళ్ళు తెరిచేస్తారు. మేనల్లుడు విజయవాడ దగ్గర ఓ రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ ఎంపీసీ. ఔటింగ్ ఇచ్చిన ఆదివారాలే వాడు మాకు దొరికేది. ఒక ఆదివారం ప్రిన్సిపల్ అనే మాట దగ్గర పంచాయితీ నడిచింది. పలకడానికి ఒకటే అయినా మాటలు రెండు. కాలేజీ పెద్ద ఒకరు, సూత్రం లేక నియమం ఇంకొకటి. అమెరికా బళ్ళలో దీనికో కొండగుర్తు చెబుతారు. పెద్దాయన స్పెల్లింగ్‌లో చివరి మూడక్షరాలు పీ, ఏ, ఎల్. అంటే పాల్, దోస్తు. ప్రిన్సిపల్ నీ దోస్తు, గుర్తుపెట్టుకో అని. మా అమ్మాయి ఇది చెప్పగానే మేనల్లుడు తింటున్న మామిడిముక్క పక్కన పెట్టి, "మా ప్రిన్సిపలా? దోస్తా?" అన్నాడు. తెల్లారకముందు స్టడీ అవర్‌లో కునుకు తీస్తూ ఆయనకి దొరికిన కుర్రాడి గతి ఏమైందో వర్ణించాడు. అక్కడి బళ్ళో ప్రిన్సిపల్ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి పిల్లల్ని పేరుపెట్టి పలకరిస్తుందంటే వాడు నమ్మలేదు. నాన్న ఇంకో మెలిక పెట్టారు. "బాకీలో అసలుని కూడా ప్రిన్సిపలే అంటారు, స్పెల్లింగ్ కూడా అదే. అసలు కూడా దోస్తేనా మనకి?"

చివరికి దారి మేనల్లుడే చూపించాడు. రూల్ అనే మాట చివర ఎల్, ఈ ఉన్నాయి. సూత్రం అనే ప్రిన్సిపల్ చివరా అవే. "మా కాలేజీలో రూల్స్ తప్ప ఏమున్నాయి అత్తా, నాకు ఇది మర్చిపోవడం కుదరదు" అన్నాడు. కొండగుర్తులకి కూడా ఊరు ఉంటుంది. ఎడారి అనే డెజర్ట్‌కి ఒక ఎస్, భోజనం చివర వచ్చే తీపి అనే డిజర్ట్‌కి రెండు ఎస్‌లు, ఎందుకంటే తీపి రెండోసారి కావాలంటాం కాబట్టి అనే గుర్తు మాత్రం మా అమ్మ చేతి పూర్ణాల దగ్గర బాగానే పనిచేసింది.

అరండల్‌పేటలో పిల్లల కొత్త ఆట బోర్డుల వేట. పుస్తకాల కొట్ల మీద స్టేషనరీ అని ఇంగ్లీషులో రాస్తారు కదా, అందులో ఆర్ ముందు ఈ ఉండాలి. ఏ ఉంటే కదలకుండా నిలిచి ఉన్నదని అర్థం. ఏ ఉన్న బోర్డు కనిపించిన ప్రతిసారీ మా వాడు ఫోటో తీసి గర్వంగా చూపించేవాడు. పెయింటర్ని వెక్కిరించడం నాకు నచ్చలేదు, నాన్నకి అసలు నచ్చలేదు. ఆయన కూర్చోబెట్టి చెప్పారు. ఆ రెండు మాటలదీ ఒకే పుట్టుక. మధ్యయుగాల యూరప్‌లో చాలామంది వర్తకులు సరుకు మోసుకుంటూ ఊళ్ళు తిరిగేవాళ్ళు. విశ్వవిద్యాలయాల దగ్గర పుస్తకాలమ్మేవాళ్ళు ఒకచోట కొట్టు పెట్టుకుని నిలబడ్డారు. నిలబడ్డవాడు కాబట్టి స్టేషనర్, వాడు అమ్మేది స్టేషనరీ. "ఆ పెయింటరు నాలుగైదు వందల ఏళ్ళు ఆలస్యంగా పుట్టాడంతే" అన్నారు. ఫోటోలు ఆగలేదు గానీ వెక్కిరింత ఆగింది.

ఏది ఒప్పు అనే దానికి దేశం కూడా అడ్డం వస్తుంది. ప్రాక్టీస్ అనే మాటని మనం బ్రిటిష్ పద్ధతిలో రాస్తాం. నామవాచకమైతే సీ, క్రియ అయితే ఎస్. అడ్వైస్‌కీ ఇదే సూత్రం. అమెరికాలో ప్రాక్టీస్‌కి రెండుచోట్లా సీ. లైసెన్స్ దగ్గర మళ్ళీ తిరగబడి రెండుచోట్లా ఎస్. నా పర్సులో ఏపీ డ్రైవింగ్ లైసెన్సు, టెక్సస్ లైసెన్సు పక్కపక్కనే ఉంటాయి, ఆ మాట స్పెల్లింగ్ దేని మీదది దానిదే. కలర్‌లో యూ తీసేసినట్టి మార్పులు చాలావాటిని 1828లో నోవా వెబ్‌స్టర్ తన నిఘంటువులోకి ఎక్కించి గట్టిపరిచాడు. గుంటూరులో తాతయ్య దిద్దింది డాలస్‌లో టీచర్ వెనక్కి దిద్దితే పిల్ల ఎవరి మాట వినాలి? చదివేవాళ్ళు ఎక్కడుంటే అక్కడి స్పెల్లింగ్ అని తేల్చాను. తాతయ్యకి ఉత్తరం రాస్తే యూ పెట్టాలి. నాన్నకి ఈ తీర్పు అంత రుచించలేదు.

స్పెల్లింగ్ సరిపోయినా మాట సరిపోకపోవడం ఇంకో రకం. దానికి నాన్న దగ్గర గుంటూరు కథే ఉంది. 1832-33లో ఇక్కడ డొక్కల కరువు వచ్చింది. అప్పుడు గుంటూరులో పనిచేస్తున్న సి.పి. బ్రౌన్ పైకి రాసిన కాగితాల్లో ఫ్యామిన్, అంటే కరువు అని రాశాడు. తోటి దొరలు వాడుతున్న మాట స్కేర్సిటీ, అంటే కొరత. ఆయన కరువు అనడం పైవాళ్ళకి నచ్చలేదు. జనం చచ్చిపోతుంటే కొరత అనడం స్పెల్లింగ్ తప్పు కాదు, వ్యాకరణం తప్పూ కాదు. మా అమ్మాయి ఈ కథ విని చాలాసేపు ప్రశ్నలు వేసింది. తెలుగు నిఘంటువు రాసిన ఆ బ్రౌనేనా ఈయన అని ఆ సాయంత్రం వెతుక్కుంది కూడా. నేను ఎన్ని వర్క్‌షీట్లు చేయించినా రాని శ్రద్ధ అది.

పిల్లలే నవ్వుతూ ఉంటే అన్యాయం కాబట్టి వాళ్ళ చెవుడు గురించి కూడా చెప్పాలి. ఇంగ్లీషు 'ట' మన 'ట'కీ 'త'కీ నడుమ ఎక్కడో ఉంటుంది, ఆ చెవికి రెండూ ఒకటే. మంగళగిరి గుడి మెట్ల మీద మా వాడు "అమ్మమ్మా, కోటి!" అని అరిచాడు. "ఎక్కడరా నాయనా, సగం నాకివ్వు" అంది అమ్మ. పాత పాట పాడమంటే పాట పాట అంటాడు. మేము, మనం కూడా అంతే. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే వుయ్. "అమ్మమ్మా, ఆదివారం మనం డాలస్ వెళ్ళిపోతున్నాం" అన్నాడు వాడు. "నా టికెట్ కూడా తీశారా?" అని అమ్మ. ఇలాంటి చోట అమ్మ దిద్దదు, ఆ తప్పునే నిజం చేసి జవాబిస్తుంది. నాన్న దిద్దుడు కంటే అదే త్వరగా ఎక్కుతోందని నా గమనిక.

ఫోన్ల మీద మాత్రం నాకు ఆశ లేదు. ఫోను స్పెల్లింగ్ తప్పుని పట్టుకుంటుంది గానీ, ఒప్పు స్పెల్లింగ్‌తో తప్పు మాట రాస్తే చాలాసార్లు వదిలేస్తుంది. వదులు అనే లూస్, పోగొట్టుకోవడం అనే లూజ్, రెండూ దానికి మంచి మాటలే. దీనికి విరుగుడు నాకు స్పెల్లింగ్ బీలో, అంటే చెప్పిన మాటకి అక్షరాలు చెప్పే పోటీలో, కనిపించింది. అమెరికాలో ఆ పోటీ అంటే మనవాళ్ళకి పిచ్చి. 2019లో జాతీయ పోటీలో 8 మంది కలిసి గెలిస్తే వాళ్ళలో 7గురు భారతీయ మూలాలున్న పిల్లలే. అక్కడ మాట వినగానే పిల్లలు అక్షరాలు చెప్పరు. అర్థం అడుగుతారు, ఏ భాష నుంచి వచ్చిందో అడుగుతారు, ఒక వాక్యంలో పెట్టి చెప్పమంటారు. నాన్న టీవీలో అది చూసి, "మా బళ్ళో ఇలా అడగనిస్తే సగం తప్పులు పుట్టేవే కాదు" అన్నారు. ఇప్పుడు మా ఇంట్లో జంట మాటలకి అదే పద్ధతి. ముందు వాక్యం, తర్వాత అక్షరాలు.

గ్రూపులో వారానికో జంట పెట్టడం నాన్న వంతు. ఈమధ్య పెట్టింది హిస్టారిక్, హిస్టారికల్. మొదటిది చరిత్రలో నిలిచిపోయేది, రెండోది చరిత్రకి సంబంధించింది. (తెలుగు పేపర్లు చరిత్రాత్మకం, చారిత్రకం దగ్గర ఇదే గజిబిజి చేస్తాయి. నాన్న వాటినీ వదలరు.) మేం అందరం కలిసి అమరావతి స్తూపం చూడటానికి వెళ్ళిన ప్రయాణం ఈ రెండిట్లో ఏది అని ప్రశ్న. మేనల్లుడికి హాస్టల్లో ఫోన్ ఉండదు కాబట్టి వాడి జవాబు ఔటింగ్ ఆదివారం దాకా రాదు. మా వాడు రెండూ కరెక్టే అని తప్పించుకున్నాడు. అమ్మాయి మాత్రం, స్తూపం హిస్టారికల్, దాని శిల్పాల్లో చాలా భాగం చెన్నైకి, లండన్‌కి వెళ్ళిపోవడం హిస్టారిక్, మన ట్రిప్పు మాత్రం ఒట్టి ఎండ అని రాసింది. 'దేర్' కూడా సరైనదే వాడింది. నాన్న బొటనవేలు బొమ్మ పెట్టి, కింద ఒక కామా తక్కువైందని రాశారు.