మంచు చూడని పిల్లలతో తెల్లకొండ కట్టాం

చిత్తూరులో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. పోయిన ఏడాది స్కూళ్ల ప్రాజెక్టుల పోటీకి ఇచ్చిన అంశాల్లో ఒకటి, ‘అంతర్జాతీయ శీతాకాల క్రీడలకు సిద్ధమవుతున్న ఒక ఊహానగరం’. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఏడుగురు అదే కావాలని పట్టుబట్టారు.

“మనం మంచు చూసింది లేదు కదరా, వేరేది తీసుకుందాం” అన్నాను.

“హార్సిలీ హిల్స్‌లో చూసినాం మేడమ్” అన్నాడు ఒకడు.

వాడు చూసింది పొగమంచు. మన భాషలో గడ్డి మీద తెల్లారి కనబడేదీ మంచే, దారి కనబడకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. మొదటి వారం ఆ మాటలు విడదీసుకోవడానికే పట్టింది. చివరికి పిల్లలే ఒక ఒప్పందానికి వచ్చారు: పై నుంచి కురిసేది మంచు, నీళ్లు గడ్డకడితే ఐసు. స్కీయింగ్ మంచు మీద, స్కేటింగ్ ఐసు మీద. ఊరికి తెల్లకొండ అని పేరు పెట్టుకున్నారు.

దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి సైన్సా సోషలా రాయలేదని, రెండోసారి ‘స్థలం’ గడి ఖాళీగా ఉందని. ఊహానగరానికి మండలం పేరు ఎక్కడి నుంచి తేవాలి? పిల్లల మొహాలు చిన్నబోయాయి. ఆఖరి రోజు సాయంత్రం నేనే వెళ్లి, సీట్లో మనిషి వచ్చేదాకా కూర్చుని, స్టాంపు వేయించుకుని వచ్చాను. దాని గురించి ఇంతకంటే చెప్పను.

అసలు పని ఐసు ఫ్యాక్టరీలో మొదలైంది. చలంటే ఏమిటో ఒంటికి తెలియకుండా ఎన్ని ఫొటోలు చూపించినా లాభం లేదనిపించి, శనివారం మధ్యాహ్నం ఏడుగురినీ ఊరి బయట ఉన్న ఫ్యాక్టరీకి తీసుకెళ్లాను. లోపలికి అడుగు పెట్టగానే అమ్మోనియా ఘాటు. కాళ్ల కింద వరసగా చెక్క పలకలు. మేస్త్రీ ఒక పలక ఎత్తి చూపించాడు. కింద పెద్ద తొట్టి, తొట్టి నిండా ఉప్పునీళ్లు, ఆ నీళ్లలో నిలువునా దించిన రేకు డబ్బాలు. డబ్బాల్లో మంచినీళ్లు.

“ఈ ఉప్పునీళ్లు సున్నా కంటే కిందికి పోయినా గడ్డకట్టవు నాయనా. వీటి చలికి డబ్బాలో మంచినీళ్లు గడ్డకడతాయి” అన్నాడు.

ఒక డబ్బాను గొలుసుతో పైకి లాగి మామూలు నీళ్లలో ముంచాడు. అంచులు వదులై గడ్డ సర్రున జారి బయటికొచ్చింది. చుట్టూ అద్దంలా ఉంది, నడుమ మాత్రం తెల్లటి చార. అదేందని పిల్లలు అడిగారు. “అంచుల నుంచి గడ్డకట్టుకుంటా వస్తాది. లోపల ఉండే గాలికి పోయేదానికి దారుండదు. నడుమ చేరి అట్ల తెల్లగా నిలబడిపోతాది.” ముప్పయ్యేళ్ల అనుభవం ఆయనది. పాఠ్యపుస్తకం కంటే తేటగా చెప్పాడు.

ఒక అమ్మాయి గడ్డ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. ఆ తర్వాత అడిగింది: “మేడమ్, ఈ ఉప్పునీళ్లని నేల కింద పైపుల్లో పారిస్తే, పైన పోసిన నీళ్లు గడ్డకట్టవా?”

స్కేటింగ్ రింకులు కట్టే పద్ధతి అదే. కాంక్రీటు లోపల పైపులు, పైపుల్లో ఉప్పునీళ్లో, గ్లైకాల్ అనే సులువుగా గడ్డకట్టని ద్రవమో. పైన నీళ్లు పలుచగా పోస్తూ పొర మీద పొరగా గడ్డకట్టిస్తారు. ఆ పిల్ల తనంతట తానే అక్కడికి వచ్చేసింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇంకా తగ్గలేదు. అక్కడే నిలబడి జాంబోనీ కథ చెప్పాను. ఫ్రాంక్ జాంబోనీ కూడా కాలిఫోర్నియాలో ఐసు గడ్డలు చేసి అమ్మినవాడే. ఇంటింటికీ ఫ్రిజ్‌లు వచ్చి గిరాకీ పడిపోతే, ఆ యంత్రాల పనితనంతోనే 1940లో స్కేటింగ్ రింకు తెరిచాడు. గీతలు పడిన ఐసును నున్నగా చేసే బండిని 1949లో తయారుచేశాడు. ఈ రోజుకీ ఆ బండిని ఆయన పేరుతోనే పిలుస్తారు. మేస్త్రీ కూడా పని ఆపి విన్నాడు.

తర్వాత లెక్కలు. రింకు 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. 3 సెంటీమీటర్ల మందం అనుకుంటే దాదాపు 54 వేల లీటర్లు. మా వీధుల్లోకి వచ్చే ట్యాంకరు 5 వేల లీటర్లది కాబట్టి పదకొండు ట్యాంకర్లు. “అంతేనా!” అన్నారు పిల్లలు.

స్కీయింగ్ వాలు దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. ఆకాశం నుంచి కురిసే మంచును నమ్ముకుంటే కుదరదని పోటీలు పెట్టేవాళ్లకు ఎప్పుడో తెలిసింది. 1980లో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో మొదటిసారి ఒలింపిక్స్‌కు కృత్రిమ మంచు వాడారు. 2022 బీజింగ్ క్రీడలు దాదాపు పూర్తిగా దాని మీదే నడిచాయి. చల్లటి గాలిలోకి నీటి తుంపర్లు చిమ్మితే కింద పడేలోపు గడ్డకడతాయి. చలి ఒక్కటే చాలదు, గాలిలో తేమ కూడా తక్కువుండాలి. మా ఫిజిక్స్ సార్ రెండు క్లాసులు ఇచ్చి ఇదంతా వివరించారు. ఒక ఘనపు మీటరు నీటికి సుమారు రెండు ఘనపు మీటర్ల మంచు వస్తుంది. కిలోమీటరు పొడవు, 40 మీటర్ల వెడల్పు, అర మీటరు మందం. బోర్డు మీద లెక్క వేసిన పిల్లాడు కోటి లీటర్ల దగ్గర ఆగాడు. రెండు వేల ట్యాంకర్లు. అది కూడా ఒక్క వాలుకే.

క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. వీళ్లు ఎండాకాలం బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడే ఇళ్ల పిల్లలు. “మేడమ్, అన్ని నీళ్లు కొండ మీదికి పోతే కింద ఊరోళ్లు ఏం తాగుతారు?” అన్నాడు వాడే.

ఆ ప్రశ్నతో మా తెల్లకొండ నమూనా మొత్తం మారిపోయింది. స్టేడియం పక్కకు పోయింది, నడుమకు చెరువు వచ్చింది. వానాకాలం చెరువు నిండి మొరవ పోయాకే, ఆ మిగులు నీళ్లు కొండ మీది కుంటకు ఎక్కించాలి. మంచు కరిగితే ఆ నీళ్లు కాలువల్లో మళ్లీ ఇదే చెరువుకు రావాలి. కొంత ఆవిరైపోతుందని కూడా చార్టులో రాశారు.

ఊరివాళ్లను అడగకుండానే పోటీలు తెస్తారా అన్నది తర్వాతి గొడవ. అప్పుడు అమెరికాలోని డెన్వర్ సంగతి చెప్పాను. 1976 శీతాకాల క్రీడలు ఆ నగరానికే ఇచ్చారు. 1972 నవంబరులో ఆ నగరం ఉన్న కొలరాడో రాష్ట్ర ప్రజలు ఓటు వేసి, మా డబ్బు దీనికి ఖర్చు పెట్టొద్దన్నారు. క్రీడలు ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌కు వెళ్లాయి. 1984 క్రీడల కోసం బోస్నియాలోని సరయెవోలో కట్టిన, ఐసు మీద జారే బండ్ల పోటీల బాబ్‌స్లెడ్ ట్రాక్ పాడుబడి, గోడల నిండా రాతలతో మిగిలిన ఫొటో కూడా చూపించాను. పిల్లలు క్లాసులోనే గ్రామసభ పెట్టారు. హోటలు యజమానిగా ఒకడు, రైతుగా ఒకడు, ఆటగత్తెగా ఒక అమ్మాయి. గంటసేపు వాదించుకున్నారు. ఆటగత్తె వేషం వేసిన పిల్ల శివ కేశవన్ పేరు ఎత్తింది. 1998 నుంచి 2018 దాకా ఆరు ఒలింపిక్స్‌లో ల్యూజ్ (చిన్న స్లెడ్డు మీద వెల్లకిలా పడుకుని ఐసు దారిలో జారే ఆట) ఆడిన మన దేశపు ఆటగాడు, ట్రాక్ లేక స్లెడ్డుకు చక్రాలు బిగించి కొండ రోడ్ల మీద సాధన చేశాడు, మాకు ట్రాక్ వద్దా అని అడిగింది. రైతు దగ్గర జవాబు లేదు. ట్రాక్ కట్టాలి, పోటీల తర్వాత బడిపిల్లలకు ఇవ్వాలి అని తీర్మానం రాసుకున్నారు.

నమూనాకు థర్మోకోల్, ఉప్పు, దూది సరిపోయాయి. ప్రదర్శన రోజు నిజం ఐసు కూడా చూపించాలని వాళ్ల కోరిక. మేస్త్రీ డబ్బు తీసుకోకుండా సగం గడ్డ ఇచ్చి, వరి ఊకలో పెట్టి గోనెసంచి చుట్టి కట్టాడు. 2014లో రష్యాలోని సోచిలో జరిగిన శీతాకాల క్రీడలకు ముందు ఏడాది మంచును మందపాటి కప్పుల కింద దాచి నిలవ చేశారు. మా మూట చూపించి పిల్లలు అదే వివరించారు.

“ఇంత ఎండల జిల్లాలో ఉండి మీకు ఈ అంశం ఎందుకమ్మా?” అని ఒక జడ్జి అడిగారు.

“నీళ్ల లెక్క మాకు బాగా తెలుసు సార్” అంది అరచెయ్యి పెట్టిన ఆ అమ్మాయి.

రెండో బహుమతి వచ్చింది. స్కూలుకు తిరిగొచ్చేసరికి చీకటి పడింది. వరండాలో లైటు వేసి మూట విప్పితే, గడ్డ సగానికి పైగా అట్లే ఉంది. ఊక కడిగి, పగలగొట్టి, తలా ఒక ముక్క టిఫిన్ బాక్సులో వేసుకుని ఇళ్లకు పరిగెత్తారు.