ఒక్క మాట అడిగి ఉంటే

ఇంకో యాభై పేజీలు ఉన్నాయనగా చదువుతున్న ప్రేమ నవలని విసురుగా మూసేశాను. పది నిమిషాలు కూడా ఉండలేకపోయాను, మళ్లీ తీశాను. ఇప్పుడే పూర్తయింది.

కోపంగా ఉంది. ఇష్టంగానూ ఉంది.

మొదటి సగం ఎంత బాగుందో! ఒక చోట హీరోయిన్‌కి జ్వరం. కళ్లజోడుతోనే నిద్రపోతుంది. హీరో దాన్ని మెల్లగా తీసి, చొక్కా అంచుతో తుడిచి, ఆమె చేయి చాపితే అందేంత దూరంలో పెడతాడు. అంతే. ప్రేమ అన్న మాట ఆ పేజీలో ఎక్కడా లేదు. ఆ పేరా మూడుసార్లు చదివాను.

అలాంటి మనిషి ఎవరో చెప్పింది సగం విని, ఒక్క మాట కూడా అడగకుండా వెళ్లిపోతాడు!

ఈ రకం నవలల్లో ముప్పావు కథ అయ్యాక ఒక ఎడబాటు వస్తుందని, చివరికి కలుస్తారని నాకూ తెలుసు. ఆ నమ్మకంతోనే కదా చదివేది. కానీ విడిపోయే కారణం వాళ్ల లోపలి నుంచి రావాలి. ఎవరినీ నమ్మలేని ఆమె భయాన్ని రచయిత్రి మొదటి నుంచీ చూపిస్తూనే వచ్చింది. అది చాలదా?

ఒక అధ్యాయం ఆమె చెబుతుంది, ఒకటి అతను. సరిగ్గా అతను వెళ్లిపోయే చోట అతని అధ్యాయం లేదు. అక్కడే నా మనసు విరిగింది.

క్షమాపణ అడిగే సీన్‌లో మాత్రం ఏడ్చేశాను. ఇంత తేలిగ్గా క్షమించకు అనుకుంటూనే.

కళ్లజోడు పేజీ దగ్గర గుర్తు పెట్టుకున్నాను. రేపు అక్కడి నుంచే మళ్లీ చదువుతాను.